మట్టి కలిపే ప్లాస్టిక్ బేసిన్‌ను దేనితో కడగాలి?

మా భూసార పరీక్ష ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకు నేను మొదట చూపించేది సింకు పక్కనున్న షెల్ఫు. అక్కడ ఏమున్నాయో, ఏవి లేవో చూడమంటాను. వాషింగ్ పౌడర్ లేదు. గిన్నెలు తోమే సబ్బుబిళ్ళ లేదు. స్టీలు పీచు లేదు. టాయిలెట్ క్లీనర్ అసలే లేదు. న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) లిక్విడ్ సోప్ ఒక సీసా, సిట్రిక్ యాసిడ్ డబ్బా, డిస్టిల్డ్ వాటర్ క్యాన్, విడిగా మూత పెట్టిన టబ్బులో పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్. మట్టి నమూనాలు కలిపే ప్లాస్టిక్ బేసిన్లు కడగడానికి మాకు రోజూ కావలసినవి ఇవే.

బేసిన్ కడగడం అటెండరు పని కదా, దానికి ఇంత చెప్పాలా అని కొందరు అంటారు. ఆ మాట నాకు నచ్చదు. రైతు పొలంలో ఎనిమిది పది చోట్ల తవ్వి తెచ్చిన మట్టి అంతా మొదట కలిసేది ఈ బేసిన్‌లోనే. కుప్ప చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు ఉంచి మిగతాది తీసేసి, చివరికి అరకిలోకి తెచ్చేదీ ఇందులోనే. ఇక్కడ ఏదైనా కలిసిందంటే తర్వాత ఎంత మంచి మిషన్ పెట్టినా దాన్ని విడదీయలేదు. కలిసినదాన్నే కొలిచి చూపిస్తుంది. ఆ అంకె రైతుకిచ్చే భూసార కార్డు మీదికి ఎక్కుతుంది, కార్డు చూసి రైతు ఎరువు కొంటాడు.

అందుకని క్లీనింగ్ మందు ఎంచుకునేటప్పుడు మూడు చూస్తాను. బేసిన్‌కు హాని చేయకూడదు, కడిగే మనిషికి హాని చేయకూడదు, తర్వాత వచ్చే రిజల్టుకు హాని చేయకూడదు. మొదటి రెండూ సీసా మీద రాసి ఉంటాయి. మూడోది ఏ సీసా మీదా ఉండదు, మనమే ఆలోచించాలి.

జింక్ సంగతే తీసుకుందాం. వరి పొలాల్లో మనకు తరచూ కనిపించే లోపం అది. మట్టిలోంచి జింక్‌ను బయటికి లాగే డీటీపీఏ అనే రసాయన ద్రావణంతో తీసిన జింక్ 0.6 పీపీఎం కంటే తక్కువ ఉంటే లోపం ఉన్నట్టు సాధారణంగా లెక్కిస్తారు. 0.6 పీపీఎం అంటే కిలో మట్టిలో 0.6 మిల్లీగ్రాములు. పరీక్షకు తీసుకునేది 10 గ్రాముల మట్టే కాబట్టి అందులో ఉండేది 6 మైక్రోగ్రాములు. అంత చిన్న అంకె అటోఇటో అయితే చాలు, లోపం ఉన్న పొలానికి లోపం లేదని రాసేస్తాం. ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాల్సిన రైతు వేయకుండా ఊరుకుంటాడు, పైరు ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చాక పరుగెత్తుకొస్తాడు. జింక్ పూత ఉన్న జీఐ బకెట్లో, ఇనప గమేళాలో మట్టి కలపొద్దని, ప్లాస్టిక్ వాడమని చెప్పేది ఇందుకే. ప్లాస్టిక్‌కు మారి దాన్ని ఏదో ఒక పొడితో తోమితే మారిన ఫలితం లేదు.

బజారులో దొరికే వాషింగ్ పౌడర్‌లో సబ్బు గుణం ఉన్న పదార్థం కొంతే. మిగతాదాంట్లో సోడా, సోడియం సల్ఫేట్ లాంటివి ఎక్కువ, కొన్నింట్లో ఫాస్ఫేట్ కూడా ఉంటుంది. మనం మట్టిలో కొలిచేవి చూడండి: పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), ఈసీ (కరిగిన ఉప్పులను చూపే విద్యుత్ వాహకత), భాస్వరం, గంధకం. సోడా మిగిలితే పీహెచ్ పెరుగుతుంది, ఉప్పులు మిగిలితే ఈసీ పెరుగుతుంది, సల్ఫేట్ మిగిలితే గంధకం పెరుగుతుంది, ఫాస్ఫేట్ మిగిలితే భాస్వరం పెరుగుతుంది. ఒక్క చెంచా పొడి నాలుగు కాలమ్స్‌లోకి దూరగలదు. బోరాక్స్ ఉన్న క్లీనర్ అయితే బోరాన్ కూడా. బోరాన్ పరీక్షకు మామూలు ల్యాబ్ గాజుసామాను పక్కనపెట్టి ప్లాస్టిక్ వాడేదే గాజులో బోరాన్ ఉంటుందని. ఆ ప్లాస్టిక్‌ను బోరాక్స్ ఉన్న దానితో కడగడం కంటే అన్యాయం లేదు.

ఇంట్లో అలవాటు ప్రకారం బూడిదతో తోమేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కట్టెల బూడిదలో పొటాష్ ఉంటుంది. పొటాష్ కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటర్ మిషన్‌కు అది ఎరువు పొటాషా, బూడిద పొటాషా తెలియదు.

అందుకే నా మొదటి ఎంపిక ల్యాబ్ సామాను కోసమే అమ్మే న్యూట్రల్ లిక్విడ్. లాబోలీన్, టీపాల్, ఎక్స్‌ట్రాన్ లాంటి పేర్లతో సప్లయర్ల దగ్గర దొరుకుతాయి. ఒకే పేరుతో ఆల్కలైన్ రకం, న్యూట్రల్ రకం రెండూ ఉండొచ్చు కాబట్టి ఇండెంటులో, అంటే సామాను కోసం పెట్టే కాగితంలో, పేరు మాత్రమే రాసి వదిలేయకండి. ‘న్యూట్రల్, ఫాస్ఫేట్ లేనిది’ అని స్పష్టంగా రాయండి. డబ్బా వచ్చాక ఒక చుక్క నీళ్ళలో కలిపి పీహెచ్ పేపర్ ముంచితే నిమిషంలో తేలిపోతుంది, 7కు దగ్గరగా ఉండాలి. లీటరు నీళ్ళకు 10 మి.లీ. చాలు. నురుగు ఎక్కువొస్తే బాగా కడిగినట్టు అనుకోవద్దు, ఎక్కువ నురుగుకు ఎక్కువ నీళ్ళు ఖర్చు, అంతే.

బేసిన్ ఏ ప్లాస్టిక్‌తో చేసిందో తెలుసుకోవడానికి అడుగున చూడండి. త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపిలీన్, పీపీ అంటాం. 2 ఉంటే హెచ్‌డీపీఈ. ఈ రెండూ మన పనికి మంచివి. పలుచటి ఆమ్లాలను, పలుచటి క్షారాలను, స్పిరిట్‌ను తట్టుకుంటాయి. పీపీ ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే పాత్రలో, 121 డిగ్రీల వేడికి నిలుస్తుంది, హెచ్‌డీపీఈ నిలవదు, వంకర పోతుంది. 6 ఉంటే పాలీస్టైరీన్, దాని మీద ఎసిటోన్ పడితే కరిగి జిగురవుతుంది. 7 అంటే ‘ఇతరాలు’, అందులో పాలీకార్బొనేట్ కూడా వస్తుంది. అద్దంలా మెరిసే గట్టి గిన్నె అదే అయితే సోడా, అమ్మోనియా, ఆల్కలైన్ డిటర్జెంట్లు దాన్ని బలహీనం చేస్తాయి, ఎసిటోన్ పగలగొడుతుంది. మెరిసే ఆక్రిలిక్ ట్రేలకు స్పిరిట్ కూడా పడదు, సన్నని వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. అంకె లేని రంగుల బేసిన్ ఎంత చవకగా వచ్చినా నేను తీసుకోను. రంగు కోసం కలిపే పిగ్మెంట్లలో లోహాలు ఉండవచ్చు. రంగు కలపని, పాలలా మసకగా కనిపించే పీపీ బేసిన్ అన్నిటికంటే మేలు, దానిలో మురికి కూడా తేలిగ్గా కనబడుతుంది.

ఇక కడిగే పద్ధతి. నీళ్ళు తర్వాత, ముందు పొడిగా దులపాలి. మెత్తటి నైలాన్ బ్రష్‌తో అంచుల నుంచి మధ్యకు ఊడ్చి, మిగిలిన మట్టిని చెత్తడబ్బాలో వేయాలి, సింకులో కాదు. ఎర్ర చెల్క నేల మట్టి అయితే చాలావరకు ఇక్కడే పోతుంది. నల్లరేగడి మాత్రం తడి తగిలాక గోడకు అంటుకుపోతుంది. అది ఎండిపోయి పెచ్చు కట్టిందంటే చాలామంది చేతికి అందిన స్పాచులాతో గీకుతారు. దయచేసి గీకవద్దు. నల్లరేగడిలో ఉండే బంకమట్టి నీళ్ళు తాగి ఉబ్బుతుంది, మనం దాన్ని తాగనిస్తే చాలు. బేసిన్‌లో అరంగుళం నీళ్ళు పోసి ఒక గంట వదిలేయండి, మరీ మొండిగా ఉంటే రాత్రంతా. పెచ్చు అంచు దగ్గర మొదట రంగు ముదురుతుంది, తర్వాత సన్నని చీలిక కనిపిస్తుంది, ఆ తర్వాత వేలితో నెట్టినా పొరలా జారిపోతుంది. గీకితే పడే గీతలు కంటికి కనబడకపోయినా వాటిలో తర్వాతి నమూనా బంక దాక్కుంటుంది, దాని తర్వాతి నమూనాలో బయటపడుతుంది. స్టీలు పీచు, తీగ తోక బయటికి పొడుచుకొచ్చిన బాటిల్ బ్రష్, ముగ్గురాయి పొడి లాంటి రాపిడి పొడులు, ఇవన్నీ వద్దనేది ఆ గీతల గురించే.

నానబెట్టేది మామూలు నీళ్ళలో. సబ్బు నీళ్ళలో బేసిన్లను ఒకదానిలో ఒకటి ఇరికించి రాత్రంతా వదిలేయకూడదు. హెచ్‌డీపీఈ లాంటి పాలిథిన్ జాతి ప్లాస్టిక్‌లు ఒత్తిడిలో ఉండగా డిటర్జెంట్ తగిలితే అంచుల దగ్గర పగుళ్ళిస్తాయి. సబ్బు పని పది నిమిషాల్లో అయిపోతుంది: స్పాంజి ముంచి, లోపల, అంచు కింద, అడుగున అంకె ఉన్న చోట, పిడి ఉంటే పిడి మూలల్లో తుడిచి వెంటనే కడిగేయాలి. గోరువెచ్చటి నీళ్ళయితే ఇంకా తేలిక.

తర్వాత కుళాయి నీళ్ళతో సబ్బు పోయేదాకా. మన ప్రాంతంలో కుళాయి అంటే చాలాచోట్ల బోరు నీళ్ళే. అవి ఆరితే తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. కాబట్టి ఆఖరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే, మూడుసార్లు, కొద్దికొద్దిగా. ఒకేసారి ఎక్కువ పోయడం కంటే ఇది ఎందుకు మంచిదో లెక్క వేసి చూపిస్తే కొత్తగా చేరిన పిల్లలు మర్చిపోరు. బేసిన్ వంపేశాక గోడలకు 5 మి.లీ. నీళ్ళు అంటుకుని ఉన్నాయనుకోండి. 600 మి.లీ. ఒకేసారి పోసి తిప్పి వంపితే అందులోని ఉప్పు సుమారు 120 వంతులు పలుచనవుతుంది. అదే నీళ్ళను 200 మి.లీ. చొప్పున మూడుసార్లు పోస్తే ప్రతిసారీ సుమారు 40 వంతులు పలుచనవుతుంది, 40ని మూడుసార్లు హెచ్చిస్తే 64,000. నీళ్ళు అవే, ఫలితం ఎంత తేడానో చూడండి. డిస్టిల్డ్ వాటర్ ఖర్చు గురించి పైవాళ్ళు అడిగినప్పుడు కూడా ఈ లెక్కే చెప్పండి.

ఆ ఆఖరి కడుగులో గ్లౌజు వేసుకున్నా చేయి బేసిన్ లోపలికి వెళ్ళకూడదు. రబ్బరు గ్లౌజుల తయారీలో జింక్ ఆక్సైడ్ వాడతారు. బయటి అంచు పట్టుకుని తిప్పి వంపేయడమే.

మరకల విషయానికొస్తే, మరక ఉన్నంత మాత్రాన బేసిన్ మురికిగా ఉన్నట్టు కాదు. అయినా తీయాలనిపిస్తే మరక ఏమిటో తెలుసుకుని దానికి తగ్గది వాడాలి. ఎర్రమట్టి వదిలే ఇనుము మరకకు, బోరు నీళ్ళ తెల్ల చారలకు సిట్రిక్ యాసిడ్, 100 మి.లీ. నీళ్ళకు 5 గ్రాములు, అరగంట నానితే చాలు. ఆక్జాలిక్ యాసిడ్ ఇనుము మరకకు ఇంకా బాగా పనిచేస్తుంది, కానీ అది విషం. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, సిట్రిక్‌తో పోయేదానికి దాని జోలికి వెళ్ళొద్దు. పర్మాంగనేట్ ఒలికి గోధుమరంగు పట్టిందా, దానికి ఆస్కార్బిక్ యాసిడ్ పలుచగా కలిపి పోస్తే కళ్ళముందే తెల్లబడుతుంది. అయోడిన్ పసుపు థయోసల్ఫేట్ చుక్కలతో పోతుంది, అయితే థయోసల్ఫేట్‌లో గంధకం ఉంది కాబట్టి ఆ బేసిన్ గంధకం నమూనాలకు వెళ్ళేముందు మరింత జాగ్రత్తగా కడగాలి. మార్కర్‌తో రాసిన నంబర్లు పీపీ మీద స్పిరిట్ దూదితో పోతాయి. కిరోసిన్, పెట్రోలు, పెయింట్ థిన్నర్ వాడితే అవి ప్లాస్టిక్‌లోకి ఇంకుతాయి, ఉబ్బిస్తాయి, వాసన నెలల తరబడి వదలదు. ఫినాయిల్ కూడా అంతే.

జింక్, ఇనుము, రాగి, మాంగనీస్ కోసం వచ్చే నమూనాలకు మేము వేరే బేసిన్లు ఉంచుతాం. వాటికి సబ్బు కడుగు అయ్యాక ఒక ఆమ్ల స్నానం ఉంటుంది. తొమ్మిది వంతుల నీళ్ళు ముందు టబ్బులో పోసి, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ కప్‌బోర్డులో, ఒక వంతు గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్ నెమ్మదిగా నీళ్ళలోకి పోయాలి. యాసిడ్‌లోకి నీళ్ళు ఎప్పుడూ పోయకూడదు. కళ్ళద్దాలు, ఏప్రాన్, గ్లౌజులు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి, ఎంత అనుభవం ఉన్నా సరే. రాత్రంతా ఉంచి పొద్దున తీసి డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. పీపీ, హెచ్‌డీపీఈ దీన్ని హాయిగా తట్టుకుంటాయి. టబ్బులో ఇనప పట్టకారు, క్లిప్పు ఏదీ వేయొద్దు. ద్రావణం పసుపు తిరిగితే లోహం కలిసిందని అర్థం, మార్చేయాలి. పాతదాన్ని సోడాతో తటస్థం చేసి, పీహెచ్ పేపర్‌తో చూసుకుని, అప్పుడు ఎక్కువ నీళ్ళతో వదలాలి.

ఇప్పుడు నేను గొంతు పెంచి చెప్పే రెండు విషయాలు.

ఒకటి, క్రోమిక్ యాసిడ్. సేంద్రియ కర్బనం పరీక్షకు పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ మన బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. ఆ రెండూ కలిపితే పాతకాలం గాజు కడిగే మిశ్రమం తయారవుతుంది. పక్కనే ఉంది కదా అని ప్లాస్టిక్‌లో పోసేవాళ్ళను చూశాను. అది ప్లాస్టిక్ పైపొరను ఆక్సీకరణం చేసి పెళుసుగా మారుస్తుంది, క్రోమియం గోడల్లో పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతుంది. అంతకంటే ముఖ్యం, ఆరు వేలెన్సీ క్రోమియం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. గాజు కడగడానికి కూడా దాన్ని మానేయాలన్నదే నా మాట.

రెండు, బ్లీచ్. మామూలు మట్టి బేసిన్‌కు బ్లీచ్ అక్కర్లేదు. కంపోస్టు, మురుగునీటి పొలాల మట్టి, జీవన ఎరువుల పొడి కలిపినవాటికి మాత్రమే క్రిములు చంపే అవసరం వస్తుంది. అప్పుడు మట్టంతా ముందే సబ్బుతో పోవాలి, ఎందుకంటే సేంద్రియ పదార్థం క్లోరిన్‌ను తినేస్తుంది, క్రిములకు ఏమీ మిగలదు. 4–5 శాతం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు, అదే రోజు కలిపింది, పది నిమిషాలు. పీపీ బేసిన్ అయితే ఆటోక్లేవ్ ఇంకా శుభ్రమైన మార్గం. బ్లీచ్ సీసా ఉన్న సింకు దగ్గర ఆమ్ల టబ్బు ఉండకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది కాబట్టి వాటితోనూ అదే ప్రమాదం. అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్లు, అవీ ఊపిరి ఆడనివ్వవు. మా దగ్గర బ్లీచ్ వేరే గదిలో ఉంటుంది, తాళం నా దగ్గర ఉంటుంది. అలా పెట్టినందుకు విసుక్కునేవాళ్ళున్నారు, విసుక్కోనివ్వండి.

కడిగిన బేసిన్ నిజంగా శుభ్రమైందా? కంటితో చెప్పలేం. ఆఖరి కడుగు నీళ్ళు కొంచెం గాజు గొట్టాల్లోకి పట్టుకోండి. ఒకదానిలో ఫినాఫ్తలీన్ చుక్క వేయండి, గులాబీ రంగు వచ్చిందంటే సోడా మిగిలింది. ఇంకోదానిలో సిల్వర్ నైట్రేట్ చుక్క, తెల్లగా పాల విరుగుడులా కమ్ముకుంటే ఆమ్ల స్నానం తాలూకు క్లోరైడ్ ఇంకా ఉంది. మూడోదానిలో బేరియం క్లోరైడ్, మసకబారితే సల్ఫేట్. నల్ల కాగితం వెనక పెట్టి చూస్తే సన్నని మసక కూడా దొరుకుతుంది. కొత్త డిస్టిల్డ్ వాటర్ మీద కూడా అదే చేసి పక్కపక్కన పెట్టాలి, లేకపోతే నీళ్ళ తప్పును బేసిన్ మీద వేస్తాం. ఇంత ఓపిక లేని రోజున ఈసీ మీటర్ ముంచండి. కొత్త నీళ్ళకు, కడుగు నీళ్ళకు రీడింగ్ ఒకేలా వచ్చేదాకా మళ్ళీ కడగండి. బ్లీచ్ వాడిన బేసిన్‌కైతే స్టార్చ్ అయోడైడ్ పేపర్, నీలం తిరగకూడదు.

ఆరబెట్టేటప్పుడు బట్టతో తుడవకండి, ఎండలో పెట్టకండి. ఎండకు పీపీ పెళుసెక్కుతుంది. నీడలో, మట్టి దంచే మిషన్‌కు దూరంగా, బోర్లించి ఆరబెట్టాలి. స్టాండు కూడా చూసుకోండి. వెండిలా మెరిసే జీఐ స్టాండు మీద తడి బేసిన్ బోర్లిస్తే మొదట్లో చెప్పిన జింక్ గోల మళ్ళీ అంచు దగ్గర మొదలవుతుంది. ప్లాస్టిక్ స్టాండు కొనండి, ఖరీదు పెద్దదేమీ కాదు.

నమూనా తెచ్చే రైతులతో కూడా నేను ఈ మాట మాట్లాడతాను. ఒక పెద్దాయన యూరియా సంచి మీద పోసి కలిపిన మట్టి తెచ్చాడు. “బాబాయ్, ఆ సంచిలో యూరియా నూక మిగిలి ఉంటుంది. నత్రజని మీ పొలంలోదో సంచిలోదో మేమెట్లా చెప్పాలి?” అన్నాను. “మరి దేంట్లో కలపాలమ్మా?” అని అడిగాడు. ఎరువు, పురుగుమందు ఎప్పుడూ తగలని ప్లాస్టిక్ బేసిన్ ఒకటి పక్కన పెట్టుకోమన్నాను. ఇంట్లో డిస్టిల్డ్ వాటర్ ఉండదు కాబట్టి పొడిగా దులిపి, మంచినీళ్ళతో నాలుగైదుసార్లు కడిగి, పూర్తిగా ఆరాక వాడితే చాలు. సబ్బు, బూడిద, సర్ఫు ఏమీ వద్దు. తడి మిగిలినా ఫర్వాలేదు అనుకోవద్దు, తడి బేసిన్‌కు మట్టి అంటుకుని నాలుగు భాగాలు సమంగా రావు.

మా బేసిన్లకు పక్కన మార్కర్‌తో రెండు అక్షరాలు రాసి ఉంటాయి: ‘మా’ అంటే మామూలు పరీక్షలకు, ‘సూ’ అంటే సూక్ష్మపోషకాలకు. ‘సూ’ బేసిన్‌లో గోరు అడ్డంగా లాగితే తగులుకునే గీత కనిపించిందంటే అది ‘మా’ అవుతుంది. ‘మా’ బేసిన్ తెల్లబడి, అంచు నొక్కితే చిటపటమంటే స్టోర్‌లో రాయించి కొత్తది తెచ్చుకుంటాం, పాతది తోటపనికి ఇచ్చేస్తాం.